చేపలకి పరుపులు కుట్టిన పీచమ్మ

మా వీధి చివర, కాలువగట్టు మీద, ఒక నల్లరాతి ఫలకం ఉంది. దాని మీద పదకొండు పేర్లున్నాయి. మొదటిది ప్రారంభించినవారిది, రెండోది అధ్యక్షత వహించినవారిది, మూడోది రావలసి ఉండి రానివారిది. అలా దిగుతూ దిగుతూ చివరికి రాయి చెక్కించిన కాంట్రాక్టరు దాకా వస్తుంది. అందరి కిందా, అక్షరాలు చాలక ఇరికించినట్టు, "మరియు స్థానికుల సహకారంతో" అని ఉంటుంది.

ఆ స్థానికులు ఎంతమందో మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. ఒక్కతే మనిషి. రాతి మీద పొగిడిన పని మొదట కనిపెట్టిందీ ఆమే, చేసి చూపించిందీ ఆమే, చేసినందుకు నోటీసు అందుకున్నదీ ఆమే. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ అల్లుళ్లు పదకొండు మంది.

రాయిని సరిగ్గా ఆమె దుకాణం పక్కనే పాతారు. పొద్దున్నే తన గుమ్మం తుడుచుకున్నాక అదే తడిగుడ్డతో దాన్నీ తుడుస్తుంది. పావురాలకి పదవుల మీద పెద్దగా గౌరవం ఉండదు కదా.

"నీ పేరు లేని రాయి నువ్వెందుకే తుడవడం?" అని భర్త ఒకరోజు అడిగాడు.

"పేర్లున్నవాళ్లు వచ్చి తుడుస్తారేమోనని రెండేళ్లు చూశాను" అంది. అంతకు మించి ఆ సంగతి మీద ఆమె నోటి నుంచి మాట వచ్చినట్టు ఎవరికీ గుర్తులేదు.

ఆమె పరుపులు కుడుతుంది. పేరు వేరే ఉందిగానీ వీధి వీధంతా పీచమ్మ అనే పిలుస్తుంది. దుకాణం ఒకటే గది. ముందు వీధిలోకి ఇనప షట్టరు, వెనక కాలువలోకి దిగే మూడు మెట్లు. గదిలో సగం కొబ్బరి పీచు, మిగతా సగంలో పరుపు గుడ్డల తానులు, పీచు దువ్వే ఇనప పళ్ల చెక్క, గోడకి గుచ్చిన మూరెడు సూదులు. ఆమె జుట్టులో పీచు, కనుబొమల్లో పీచు. "ఇది ఒక్కసారి గట్టిగా తుమ్మితే దిండు నిండుతుంది" అని భర్త వేళాకోళం. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లని ఎక్కించి దించినట్టే చూస్తుంటాడు.

కొత్త పరుపులకంటే పాతవే ఎక్కువ వస్తాయి. అణిగిపోయిన పరుపు విప్పి, పీచు బయటికి లాగి, కర్రతో బాది, కాలువలో జాడించి, ఎండబెట్టి, దువ్వి మళ్లీ కూరాలి. ఎవరి సంసారం ఎలా ఉందో ఆమెకి పరుపు విప్పగానే తెలిసిపోతుంది. గుంట ఒక పక్కనే పడిందా, రెండు చివర్లా పడి మధ్యలో గట్టు లేచిందా అన్నది చూస్తే చాలు. కానీ చెప్పదు. డాక్టర్లకీ ప్లీడర్లకీ ఉండే మర్యాద పరుపులు కుట్టేవాళ్లకీ ఉంటుంది.

ఇక కాలువ. ఒకప్పుడు దానికి మట్టిగట్లుండేవి. గట్టు పొడుగునా తుంగ, నీళ్లలోకి వేలాడే చెట్ల వేళ్లు, నాచు. చూడ్డానికి చింపిరి జుట్టులా ఉండేది. సుందరీకరణ పేరుతో మునిసిపాలిటీ వచ్చి రెండు పక్కలా సిమెంటు గోడలు కట్టి, అడుగు దాకా గోకి, తోమిన గిన్నెలా చేసిపెట్టింది. గట్టు మీద షికారుకి వచ్చేవాళ్లకి బాగుంది. నీళ్లలో ఉండేవాళ్లని ఎవరూ అడగలేదు.

ఆ నీళ్లలో ఉండేవి రాగి రంగు పొలుసుల చేపలు. మా వీధివాళ్లు రాగిచేప అంటారు. దాని గుడ్డు జిగురుగా ఉంటుంది. దేనికో ఒకదానికి అంటుకుంటేనే బతుకుతుంది, బురదలోకి జారితే ఊపిరాడక పోతుంది. తొలివాన పడి నీరు కాస్త చల్లబడగానే తల్లులు ఒడ్డుకి వచ్చి తుంగలో, వేళ్లలో గుడ్లు పెట్టేవి. సిమెంటు గోడకి ఏం అంటుకుంటుంది? తల్లులు వచ్చేవి, గోడ వెంట పైకీ కిందికీ తిరిగేవి, పెట్టవలసింది ఆపుకోలేక పెట్టేవి. గుడ్లన్నీ అడుక్కి జారిపోయేవి. ఊరు అందంగా ఉంది కదా, అంతకంటే ఏం కావాలి.

ఇదంతా పీచమ్మకి అప్పుడు తెలియదు. ఐదేళ్ల కిందట ఒక బడిపంతులమ్మ తన పరుపు విప్పి కుట్టమని ఇచ్చింది. పీచమ్మ ఆ పీచుని మోపుగా కట్టి కాలువలో నానేసింది. ఆ సాయంత్రమే తొలివాన పడింది. రెండోరోజు పొద్దున మోపు లాగబోతే పీచు పీచుకీ ఆవగింజలంత పూసలు గుచ్చినట్టున్నాయి. గాజుపూసల్లా, లోపల ఒక చిన్న మచ్చ. మొదట నల్లి గుడ్లనుకుంది. వాసన చూసింది. నల్లి సంగతి ఆమెకంటే తెలిసినవాళ్లు ఊళ్లో లేరు, ఇవి నల్లివి కావు. ఒక గుప్పెడు పీచు బేసినులో వేసి మంచం కింద పెట్టింది. నాలుగో రోజుకి కనురెప్ప వెంట్రుకల్లాంటివి, రెండేసి కళ్లతో, పీచుకి వేలాడుతున్నాయి.

పంతులమ్మ పరుపు కోసం వచ్చింది.

"ఇంకో పది రోజులు ఆగాలమ్మా. మీ పరుపు మీద చేపలు పిల్లల్ని పెట్టాయి" అంది పీచమ్మ.

"నా పరుపు మీదా?"

"అవును. మీరు పన్నెండేళ్లు దాని మీద పరీక్ష పేపర్లు దిద్దుకున్నారు. అవి ఒక్క రాత్రిలో లక్ష మందిని పాస్ చేయించాయి."

పంతులమ్మ వంగి బేసినులోకి చాలాసేపు చూసింది. పది రోజులు చాప మీద పడుకుంది. ఆ తరవాత తొలివాన వస్తోందంటే ఆమే తన పాత దిళ్లు తెచ్చిచ్చేది.

ఆ ఏడాది నుంచి పీచమ్మ వానకి ముందే సిద్ధంగా ఉండడం మొదలుపెట్టింది. వెదురు బద్దలతో మంచం చట్రంలాంటిది కట్టి, దానికి దువ్విన పీచు కుచ్చులుగా వేలాడేసి, జానెడు లోతున మునిగేట్టు మెట్లకి తాళ్లతో కట్టేది. కొత్త పీచు పనికిరాదు, వారాల తరబడి ఎర్రటి రసం దిగుతుంది, చేప దగ్గరికి రాదు. ఏళ్ల తరబడి మనుషుల కింద నలిగి చెమట తాగిన పీచే మంచిది. ఆమె పద్ధతి అంతా ఇంతే. వానకి ముందురోజు దింపాలి, పదిహేను రోజులు వేలు పెట్టకూడదు, తరవాత తీసి ఎండబెట్టి అటక మీద పెట్టాలి. గుడ్డు చిట్లడానికి నాలుగు రోజులు. చిట్లిన పిల్ల ఈత నేర్చేదాకా పీచులో దాక్కోడానికి మిగతా రోజులు.

"చేపలకేమో పరుపులు, మొగుడికి దిండు లేదు" అన్నాడు డ్రైవరు.

"నువ్వూ లక్ష గుడ్లు పెట్టు, నీకూ కుడతాను."

మూడో ఏడాది ఆమెకి నోటీసు వచ్చింది. కాలువలో వ్యర్థ పదార్థాలు వేలాడదీసినందుకు. పారిశుధ్య మేస్త్రీ తన మనుషులతో వచ్చి చట్రాలన్నీ కొక్కేలతో లాగి చెత్తబండిలో వేశాడు. మేస్త్రీ చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్లుగా ఆమెని వదినా అని, డ్రైవర్ని అన్నా అని పిలుస్తాడు. "ఏమనుకోకు వదినా, పైనుంచి ఆర్డరు" అన్నాడు. ఆమె బండి దాకా వెళ్లి, చట్రాల మీద తడిగోనెలు కప్పి వచ్చింది. చెత్తకుప్ప దాకా వెళ్లేసరికి దేనికి ఉపయోగమో ఆమెకే తెలియాలి.

ఈలోగా ఎవరో తీసిన ఫోటో ఒకటి పేపర్లో పడింది. పీచు కుచ్చు, దానికి వేలాడే చేపపిల్లలు. కింద పేరు లేదు. పేపరు చూసిన మునిసిపాలిటీ ఇంజనీరుకి హఠాత్తుగా చేపల మీద ప్రేమ పుట్టింది. పీచమ్మ దుకాణానికే వచ్చాడు, కుచ్చు ఎలా కడతారో చూపించమన్నాడు. ఆమె చూపించింది. వెంట వచ్చిన ఫోటోగ్రాఫరు ఆమె చేతుల్ని మాత్రమే తీశాడు. మొహానికి పీచు అంటుకుని ఉందట.

ఆ తరవాత "మత్స్య ప్రసూతి ప్రాంగణం" వచ్చింది. ఎనిమిది ఉక్కు చట్రాలు, వాటికి ఆకుపచ్చ ప్లాస్టిక్ కుచ్చులు, గట్టు మీద రంగు దీపాలు, నల్లరాయి. కాలువలో ప్రైవేటు వ్యక్తులు ఏ చట్రమూ దించరాదని ఒక ఉత్తర్వు. అంటే పీచమ్మ మళ్లీ కొత్తగా కట్టుకున్న వెదురు చట్రాలు అటకెక్కాయి.

చేపలకి మనలాంటి పట్టింపులు లేవు. పీచు అయితేనేం, ప్లాస్టిక్ అయితేనేం, తొలివానకి వచ్చి గుడ్లు పెట్టాయి. పీచమ్మ మెట్ల మీంచి చూసి సంతోషించింది కూడా. మరుసటి శనివారం మేస్త్రీ చట్రాల్ని గట్టు మీదికి లాగించి, బ్లీచింగు పౌడరు నీళ్లు పోయించి, బ్రష్షులతో రుద్దిస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు మరిదీ?"

"ఇవా? ప్రతి శనివారం కడగాలి వదినా. ఈసారి చూడు, జిగురు జిగురుగా ఏవో పట్టేశాయి. ఎంత రుద్దినా ఒకంతట పోవడం లేదు."

పీచమ్మ అవేమిటో చెప్పింది. మేస్త్రీ చేతిలో బ్రష్షు అలాగే ఉండిపోయింది.

"అంటే ఇప్పుడు నేను..."

"నువ్వు కాదులే. నీ రిజిస్టరు."

ఆ రిజిస్టరు గురించి చెప్పుకోవాలి. మునిసిపాలిటీ ఊళ్లో ఎక్కడ ఏది పాతినా, కట్టినా, దింపినా "శుభ్రతా రిజిస్టరు"లో ఎక్కాలి. ఎక్కిన ప్రతిదాన్నీ శనివారం బ్లీచింగు నీళ్లతో కడిగి, ముందొక ఫోటో, తరవాతొక ఫోటో తీసి అతికించాలి. బెంచీలు, కుళాయిలు, విగ్రహాలు అన్నిటికీ అదే పద్ధతి. ప్రసూతి ప్రాంగణం ప్రారంభమైన రోజే గుమాస్తా దాన్ని విగ్రహాలకి కింద, మూత్రశాలలకి పైన ఒక వరసలో ఎక్కించాడు. అంతే. గుడ్లు పెట్టుకోమని చట్రాలు దింపిన ఆఫీసే, గుడ్లు పెట్టగానే వాటిని రుద్ది కడిగే ఆఫీసు కూడా అయింది. రెండు చేతులూ ఒకే మనిషివి, మధ్యలో తల లేదు.

పీచమ్మ ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, "కడక్కపోతే ఇన్ఫెక్షన్ రాదా అమ్మా? ప్రసూతి వార్డు మురికిగా ఉంచమంటారా?" అన్నాడు.

ఆ ఏడాది ఒక్క పిల్లా రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. ఎందుకు రాలేదో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ మూడుసార్లు సమావేశమై, కొత్త సదుపాయం పట్ల చేపల్లో తగినంత అవగాహన లేదని తేల్చింది. దాంతో ఇంకో బోర్డు వెలిసింది. "ఇచ్చట సురక్షితంగా గుడ్లు పెట్టవచ్చును" అని. నమ్మండి నమ్మకపొండి, దాన్ని నీళ్ల వైపు తిప్పి పెట్టారు. రోడ్డు వైపు పెడితే జనం చదువుతారని భయం కాబోలు.

ఈ ఏడు వేసవిలో పీచమ్మ మెట్ల మీద కూర్చుని తల్లిచేపల్ని లెక్కపెట్టింది. ఐదు. చెంబంత లావు తలలు, నోటి చుట్టూ ముడతలు. పీచు మీద పుట్టిన మధ్యరకంవి వలల పాలయ్యాయి, వాటి వెనక చిన్నవి లేవు. పంతుళ్లు మాత్రమే మిగిలిన బడిలా ఉంది కాలువ. ఆ ఐదింటికీ ఇంకో వానాకాలం దాకా ఓపిక ఉంటుందో లేదో. ఈసారి గుడ్లు కూడా బ్రష్షు పాలైతే ఇక కాలువలో రాగిచేప అనే మాట ఉండదు.

తొలివాన గురువారం సాయంత్రం పడింది. శుక్రవారం తెల్లవారుతూనే నీళ్లు కుతకుతలాడాయి. రాగి వీపులు పైకి లేచి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, చట్రాల్లోకి దూరి, తోకలతో నీళ్లు గోడల మీదికి చిమ్మాయి. గంటలో అంతా సద్దుమణిగింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ అంతా గాజుపూసలు.

నాలుగు రోజులు కావాలి. మంగళవారం. మధ్యలో శనివారం ఉంది. పైగా ఈ శనివారం రాజధాని నుంచి పెద్దసారు ప్రాంగణం చూడ్డానికి వస్తున్నాడు. అంటే మామూలు కంటే గట్టిగా రుద్దుతారు.

పదింటికల్లా ఆమె మునిసిపాలిటీ మేడ మీద ఉంది. వరండాలో ఒకటే బెంచీ, దాని మీద ముగ్గురి బదులు ఐదుగురు. ఇంజనీరు గదిలో ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా వాటి మీద ఉక్కు చట్రం ముక్క ఒకటి పెట్టాడు. ప్రాంగణం నమూనా అట.

"ఒక్క శనివారం ఆపండి సార్. మంగళవారం దాకా."

"ఆపడానికి నేనెవర్నమ్మా? రిజిస్టరులో ఉంది. మినహాయింపు కావాలంటే అర్జీ పెట్టుకోండి. ఆరోగ్యశాఖకి వెళ్లి వస్తుంది, ఏడు రోజులు పడుతుంది."

"గుడ్డుకి నాలుగు రోజులే సార్."

"అయితే ముందే పెట్టుకోవలసింది."

"చేపా, అర్జీనా?"

ఇంజనీరు నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది ఆయనకి. నవ్వి, పెద్దసారు వస్తున్నాడు కాబట్టి రేపు బ్లీచింగు రెండు పాళ్లు ఎక్కువ వేయమని ఫోనులో ఎవరికో చెప్పాడు.

మెట్లు దిగుతుంటే మేస్త్రీ ఎదురయ్యాడు. ఆమె మొహం చూసి, "కాదన్నాడా?" అన్నాడు.

"అర్జీ పెట్టమన్నాడు."

"అదే కాదనడం." మేస్త్రీ తల గోక్కున్నాడు. "వదినా, నేను కడక్కుండా ఉండలేను. ఫోటో లేకపోతే నాకు మెమో ఇస్తారు. ఇప్పటికే ఒకటుంది. కానీ ఒక సంగతి చెప్తా విను. మా రిజిస్టరులో ఉన్నదాన్ని కడక్కుండా వదిలేది ఒక్కటే సందర్భంలో. 'మరమ్మతులో ఉన్నది, ముట్టరాదు' అని బోర్డుంటే. పార్కులో ఆ విరిగిన బెంచీ ఉందే, దానికి ఆరేళ్లుగా ఉందా బోర్డు. ఇంతవరకూ బాగుచేసినవాడు లేడు, ముట్టినవాడూ లేడు."

"బోర్డు ఎక్కడ దొరుకుతుంది?"

"స్టోరులో నలభై ఉన్నాయి. ఇక్కడ బాగుచేసేవాటికంటే బోర్డులెక్కువ."

శనివారం పొద్దునకి ఎనిమిది చట్రాలకీ ఎనిమిది బోర్డులు వేలాడుతున్నాయి. మేస్త్రీ బోర్డులకే ఫోటోలు తీసుకుని పోయాడు. పదకొండింటికి పెద్దసారు వచ్చాడు, వెనక ఇంజనీరు.

"ఏం మరమ్మతు?" అని అడిగాడు పెద్దసారు.

ఇంజనీరుకి ఆ బోర్డుల సంగతే తెలియదు. తెలియదని చెబితే పరువు పోతుంది. తెలుసని చెబితే ఏమిటో చెప్పాలి. ఆయన గొంతు సవరించుకుని, "వెల్డింగు సార్. జాయింట్లు. ముందుజాగ్రత్తగా" అన్నాడు.

గుమ్మంలో పరుపు కుడుతున్న పీచమ్మకి ఇది వినబడింది. ఆమె తల ఎత్తలేదు, సూది ఆపలేదు. డ్రైవరు మాత్రం కుర్చీలో కులుకుతూ, "ఏమే, నీ బస్సుకి ఎర్రదీపం దాటే యోగం పట్టింది" అని గొణిగాడు.

కానీ పెద్దసారు ఊరికే పెద్దసారు కాలేదు. "మంచిది. సోమవారం సాయంత్రానికి పూర్తిచేసి నాకు రిపోర్టు పంపండి" అన్నాడు. ఆరేళ్లుగా బెంచీ బాగుచేయని ఆఫీసు, విరగని చట్రాలు బాగుచేయడానికి రెండు రోజుల్లో సిద్ధమైంది. చెయ్యవలసిన పనికి కదలని చెయ్యి, అక్కర్లేని పనికి ఎంత చురుగ్గా లేస్తుందో చూడండి.

సోమవారం మధ్యాహ్నం పీచమ్మ తాను కుట్టిన పరుపు ఒకటి ఇచ్చిరావడానికి పైవీధికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వెల్డింగు వాళ్లు వ్యానుతో సహా దిగి ఉన్నారు. రెండు చట్రాలు అప్పటికే గట్టు మీద ఎండలో ఉన్నాయి. మూడోదాన్ని లాగుతున్నారు.

ఆమె చెయ్యి వేసి చూసింది. మొదటి రెండింటి మీదా గుడ్లు తెల్లబడి, ఎండి, గోకితే పొడి రాలుతున్నాయి. వాటికి ఇంకొక్క రోజు చాలు.

ఆమె వెల్డింగు అతని వైపు తిరిగింది. "ప్లాస్టిక్ ఉండగా వెల్డింగు చేస్తే అంటుకోదా నాయనా?" అని అడిగింది.

"అంటుకుంటుందమ్మా. అదే చూస్తున్నాం. ఇది ఊడదీసేసరికే పొద్దు పోయేట్టుంది."

"నేను ఊడదీసి పెడతాను. కుచ్చులు నాకిచ్చేయండి. చట్రం బయటికి లాగకండి, నీళ్లలో ఉండగానే విప్పుతాను."

వెల్డింగు అతనికి బతికిపోయినట్టయింది. ఆమె లోపలికి పోయి కుట్లు విప్పే కత్తెర పట్టుకొచ్చింది. మొలలోతు నీళ్లలోకి దిగింది. ముప్పై ఏళ్లుగా ఊళ్లో పరుపులన్నీ విప్పిన చెయ్యి అది. ముడి ఎక్కడుందో వెతకనక్కర్లేదు, ఉన్న చోటికి కత్తెరే పోతుంది. డ్రైవరు అటకెక్కి వెదురు చట్రాలు దింపాడు. ఆమె కుచ్చు కోసి అందించడం, ఆయన దాన్ని నీళ్లలోంచి తీయకుండానే వెదురుకి కట్టడం. కట్టలేనప్పుడు తడిగోనె మీద పెట్టి చెంబుతో నీళ్లు పోస్తూ నిలబడడం. పంతులమ్మ బడి వదిలి ఇంటికి పోతూ చూసి, చెప్పులు విప్పి, గోనె మీది గుడ్లకి ఎండ తగలకుండా గొడుగు పట్టింది. మేస్త్రీ కూడా వచ్చాడు. ఆయన చేతిలో ఈసారి బ్రష్షు లేదు.

"ముప్పై ఏళ్లు బస్సు నడిపాను. ఇంతమందిని ఎప్పుడూ ఎక్కించలేదు" అన్నాడు డ్రైవరు, మోకాళ్ల లోతు నీళ్లలో వణుకుతూ.

"తలుపు దగ్గర నిలబడొద్దనండి, లోపలికి జరగమనండి" అంది పంతులమ్మ.

ఆరు చట్రాల కుచ్చులు దక్కాయి. రెండింటివి పోయాయి. వెల్డింగు వాళ్లు ఎనిమిది బోడి చట్రాలకీ నిప్పురవ్వలు ఎగరేసి, బాగున్న అతుకుల మీద ఇంకో అతుకు వేసి, కొత్త ప్లాస్టిక్ కట్టి, ఫోటో తీసుకుని వెళ్లారు.

మంగళవారం పొద్దున పీచమ్మ మెట్ల కింద, మూడో మెట్టు నీడలో, వెదురు చట్రాల మధ్య వెంట్రుకవాసి పిల్లలు కుచ్చుకి పది చొప్పున, వంద చొప్పున వేలాడుతున్నాయి. పంతులమ్మ లెక్కపెట్టబోయి మానేసింది. రెండేళ్ల తరవాత కాలువలో మొదటి కాన్పు ఇది.

బుధవారం రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది రాజధానికి పోయిన రిపోర్టు నకలు, మేస్త్రీ తెచ్చి చూపించాడు. మరమ్మతు అనంతరం చేపలు సంతృప్తి వ్యక్తం చేస్తున్నట్టు అందులో ఉంది. రెండోది పీచమ్మకి వచ్చిన నోటీసు. ప్రభుత్వ ఆస్తి అయిన ప్రసూతి కుచ్చుల్ని పదునైన ఆయుధంతో కోసి తీసుకుపోయినందుకు, కాలువలో నిషిద్ధమైన వెదురు చట్రాలు దింపినందుకు, ఆమె మీద కేసు ఎందుకు పెట్టకూడదో సంజాయిషీ ఇవ్వాలి. చట్రాలు వెంటనే తొలగించాలి.

ఆమె ఇంతవరకూ వచ్చిన నోటీసులన్నీ మడిచి పీచు కింద పెట్టేసింది. ఈసారి పెట్టలేదు. డ్రైవర్ని కూర్చోబెట్టి చెబుతూ రాయించింది. "కుచ్చులు తీసింది నేనే. కుచ్చులకి అంటుకున్నవి మీ ఆస్తి కాదు, నాదీ కాదు. పదిహేను రోజులు పూర్తయ్యేదాకా చట్రాలు తీయను. తరవాత కుచ్చులు కడిగి నేనే తెచ్చిస్తాను." కింద వేలిముద్ర వేయలేదు. సంతకం చేసింది, తన అసలు పేరుతో. ఆ పేరు మా వీధిలో చాలామంది మొదటిసారి చదివారు.

మేస్త్రీ ఆ తరవాతి రెండు శనివారాలూ ఆ వైపు రాలేదు. నడుంనొప్పి అని సెలవు చీటీ పెట్టాడు. దానికీ ఆయనకి మెమో వచ్చింది.

మీరు ఇది చదివేసరికి ఆ పిల్లలు కుచ్చులు వదిలి కాలువలోకి పోయి ఉంటాయి. ఈసారికి గండం గడిచింది. కానీ రిజిస్టరులో ఆ వరస అలాగే ఉంది, విగ్రహాలకి కింద, మూత్రశాలలకి పైన. వచ్చే తొలివానకి మళ్లీ శనివారం వస్తుంది. మళ్లీ మళ్లీ ఒక మనిషి మొలలోతు నీళ్లలో కత్తెర పట్టుకుని నిలబడాలా?

కాబట్టి నేను అడిగేది ఇది. మునిసిపాలిటీకి ఒక కార్డు రాయండి. పెద్ద మాటలేమీ అక్కర్లేదు. ప్రసూతి ప్రాంగణాన్ని శుభ్రతా రిజిస్టరు నుంచి కొట్టేయమని, తొలివాన తరవాత పదిహేను రోజులు కాలువలో ఎవరూ ఏదీ కడగకూడదని, పీచమ్మ మీద నోటీసు వెనక్కి తీసుకోమని, ఈ మూడే రాయండి. మీ ఊళ్లోనూ ఒక చెరువుకో కాలువకో సిమెంటు గోడ కట్టే ఉంటారు. తొలివానకి దాని ఒడ్డున పీచు కుచ్చో, గడ్డి మోపో వేలాడుతూ కనిపిస్తే చెత్త అని లాగేయకండి. వంగి చూడండి. గాజుపూసలు కనిపిస్తే పక్కన ఎవరైనా కొక్కెంతో వస్తున్నారేమో కూడా చూడండి, వస్తే అడ్డంగా నిలబడండి.

పీచమ్మ విచారణ వచ్చే నెల రెండో మంగళవారం, పొద్దున పదిన్నరకి, మునిసిపాలిటీ మేడ మీద మూడో గదిలో. ఆమె ఒక్కతే వెళ్లడానికి సిద్ధపడి ఉంది. వెళ్లనివ్వకండి. వరండాలో బెంచీ ఒకటే ఉంది, నిలబడడానికి సిద్ధపడి రండి.